అందరి జాగా ఎవరి పూచీ?

(బి.యస్సీ., బి.జెడ్.సి., ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. గోదావరిఖని చుట్టుపక్కల వెలసిన సొంత ఇండ్ల కాలనీలలో నాలుగు నెలలు ఉన్నవారెవరైనా ఈ సామెతకు మరొక మాట చేర్చక మానరు. "పదిమందితో కలిసి ఒక ఖాళీ జాగాను కాపాడి చూడు" అని. ఇల్లు కట్టడానికి పైకం కావాలి. పెండ్లి చేయడానికి ధైర్యం కావాలి. కాని అందరికీ చెందిన జాగాను పచ్చగా, శుభ్రంగా ఉంచడానికి ఏమి కావాలో మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. ఒక పొరపాటు చేసి కొంత తెలుసుకున్నాను. ఆ సంగతి కాస్త తరువాత మనవి చేస్తాను.

నేను మంథని దిక్కు ఒక పల్లెలో వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ణి. చదువు కోసం ఒక సొంత ఇండ్ల కాలనీలో, మరొక మిత్రునితో కలిసి, గది అద్దెకు తీసుకొని ఉంటున్నాను. తరగతిలో వృక్షశాస్త్రం చదువుతాను. సెలవులకు ఇంటికి పోతే బాపు వెంట పొలం పోతాను. ఈ రెండు చదువులూ ఒక కాలనీ ఖాళీ జాగా దగ్గర ఎంతవరకు పనికివచ్చినవో, ఎక్కడ పనికిరాలేదో తెలుపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కంపెనీ కాలనీ - సొంత కాలనీ

మన బొగ్గు బెల్టుకు ఒక ప్రత్యేకత కలదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. గోదావరి ఒడ్డున మన రామగుండం ప్రాంతంలో 1960 దశకం నుండి గనులు విస్తరించినవి. గనితో పాటు కాలనీ, కాలనీతో పాటు బడి, దవాఖాన, ఆటల మైదానం వచ్చినవి. ఎనిమిదో ఇంక్లైన్ దగ్గర కట్టిన ఇండ్లకు "ఎయిటింక్లైన్ కాలనీ" అన్నదే ఊరి పేరైంది. గని నంబరే ఊరి పేరైన చోటు ఇంకెక్కడ ఉన్నదో నాకు తెలియదు గాని, మనకు మాత్రం అది వింతగా తోచదు.

ఈ కంపెనీ కాలనీలలో ముప్పై ఏండ్లు బ్రతికినవారికి ఒక అలవాటు పడుతుంది. చెట్టు నాటేది కంపెనీ. మోరీ తీసేది కంపెనీ. నల్లా చెడిపోతే కాగితం రాసి ఇస్తే సరి. అది తప్పు కాదు, అక్కడి పద్ధతే అది. అయితే ఉద్యోగ విరమణ తరువాత క్వార్టర్ ఖాళీ చేయవలసి ఉంటుంది. చేతికి వచ్చిన పైకంతో నూటయాభై గజాలో, రెండువందల గజాలో కొనుక్కొని ఇల్లు కట్టుకుంటారు. ఇల్లు సొంతం, గోడ సొంతం, గేటు సొంతం. మరి గేటు అవతల ఉన్న బాట, బాట పక్క చెట్టు, నడుమ విడిచిన ఖాళీ జాగా ఎవరివి?

చట్టం సంగతి చూస్తే, అనుమతి పొందిన లేఅవుటులో కొంత భాగాన్ని ఖాళీ స్థలంగా విడిచి స్థానిక సంస్థకు రాసి ఇవ్వాలి. దాన్ని ఎవరూ అమ్ముకోరాదు, కట్టుకోరాదు. అపార్టుమెంటు అయితే ఉమ్మడి భాగాల నిర్వహణకు ఫ్లాటుదారుల సంఘం ఉండాలని 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం చెబుతున్నది. విడి ఇండ్ల కాలనీవారు కూడా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం క్రింద సంఘంగా నమోదు కావచ్చును. కాగితం మీద ఇదంతా బాగానే ఉన్నది. కాని కాగితం గడ్డి పీకదు, మొక్కకు నీళ్లు పోయదు.

మా కాలనీలో నలభై ఎనిమిది ఇండ్లు, నడుమ సుమారు 600 గజాల జాగా. నేను వచ్చిన కొత్తలో దాని అవతారం ఎట్లుండెనంటే, ఒక మూల ఇల్లు కట్టగా మిగిలిన కంకర, ఇటుక ముక్కలు. ఒక మూల కొబ్బరి బోండాలు. నడుమ నడుమెత్తు వయ్యారిభామ. హరితహారంలో నాటిన మొక్కలలో ఒక్క వేప మాత్రం మిగిలింది. మిగతావాటికి కట్టిన వెదురు కర్రలు మాత్రం వరుసగా నిలబడి ఉన్నవి. "ఎందుకు చచ్చినయ్?" అని అడిగితే ప్రతి ఒక్కరూ ఒకటే జవాబు చెప్పినారు. "పక్కోళ్లు పోస్తున్నరేమో అనుకున్నం."

ఉమ్మడి గొర్రె

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చె" అని సామెత. నలుగురి గొర్రె గనుక పుండుకు మందు వేసేవాడు లేడు. ఇదే మాటను 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త అమెరికా దేశపు 'సైన్స్' పత్రికలో శాస్త్రీయంగా వ్రాసి ప్రసిద్ధుడయ్యాడు. అందరి పచ్చికబయలులో ప్రతివాడూ తన లాభం కోసం మరొక పశువును తోలుతాడు, చివరకు బయలే నాశనమవుతుంది అన్నది అతని వాదం. దీనికి రెండే మందులని చాలామంది నమ్మినారు. ఒకటి, సర్కారుకు అప్పగించడం. రెండు, ముక్కలు చేసి పంచుకోవడం.

ఈ రెండూ కాక మూడవ దారి కలదని చూపించిన విదుషీమణి ఎలినార్ ఆస్ట్రమ్. ఆమె 1990లో ప్రచురించిన గ్రంథంలో పలుదేశాల ఉమ్మడి పచ్చికలను, కాలువలను, చేపల రేవులను పరిశీలించి, జనం తమంతట తాము నియమాలు పెట్టుకొని వాటిని తరతరాలు కాపాడుకున్న ఉదాహరణలు చూపింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన తొలి మహిళ ఆమెయే. హద్దు తెలిసి ఉండాలి, వంతు తెలిసి ఉండాలి, చూసేవాడు ఉండాలి, తప్పు చేసినవానికి ముందు చిన్న శిక్ష ఉండాలి, తగాదా అక్కడికక్కడే తీరాలి. ఆమె చెప్పిన సూత్రాలలో ముఖ్యమైనవి ఇవే.

నోబెల్ బహుమతి మాట వినగానే మనం ఎక్కడో దూరదేశం సంగతి అనుకుంటాం. కాని దీన్నే మన తెలుగు గడ్డ మీద చూసి వ్రాసినవారు ఉన్నారు. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ క్రింది 31 గ్రామాలను పరిశీలించి 1988లో ఒక పుస్తకం ప్రకటించాడు. కొన్ని ఊర్లు సొంత నిధి పెట్టుకొని, నీళ్లు పారించే మనుషులను, చేను కావలివాళ్లను జీతానికి పెట్టుకున్నవి. కొన్ని ఊర్లలో ఆ ఊసే లేదు. కాలువ మొదట్లో నీరు పుష్కలంగా ఉన్నచోట కట్టుబాటు తక్కువ. కాలువ చివర, నీళ్లు అందక పంట పోయే ప్రమాదం ఉన్నచోట కట్టుబాటు ఎక్కువ. అనగా, నష్టం తమదాకా వస్తుందని తెలిసినవారే కలిసి పనిచేస్తారన్నమాట.

మా ఊరి చెరువును చూసినా ఇదే తెలుస్తుంది. తెలంగాణ పల్లెల్లో నీరడి అని ఒకడుండేవాడు. తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలో చూడడం అతని పని. పంట ఇంటికి వచ్చినప్పుడు రైతులందరూ అతనికి ఇంత వడ్లు కొలిచేవారు. యాసంగికి నీళ్లు చాలకపోతే ఆయకట్టు అంతా నాటనిచ్చేవారు కాదు. ఇంత మేరకే సాగు అని తైబందీ చేసేవారు. చెరువు అందరిదే, కాని తూము తాళం ఒకని చేతిలో. మా బాపు అంటుంటాడు, "నీరడి లేని చెరువు, తాళం లేని ఇల్లు రెండొక్కటే" అని. మా కాలనీ ఖాళీ జాగాకు లేనిది చెట్టు కాదు, నీరడి. ఈ సంగతి నాకు మొదట తట్టలేదు.

నేను పెట్టిన డ్రమ్ము

మొదటి సంవత్సరం జూన్ నెలలో, మృగశిర వానలు పడగానే, కొత్త ఉత్సాహంతో నేనూ నా మిత్రుడూ ఇరవై కానుగ మొక్కలు తెచ్చి నాటినాము. వాన ఎగబెడితే పనికివస్తుందని పాత ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి సంపాదించి ఆ జాగాలో పెట్టి నింపి ఉంచేవాళ్లం. చూసినవారంతా మెచ్చుకున్నారు. మెచ్చుకొని లోపలికి పోయినారు.

జులై చివర నాట్ల పని మీద నేను ఊరికి పోయినాను. మిత్రుడు కూడ ఇంటికి పోయినాడు. నాలుగు రోజులనుకున్నది పదిహేను రోజులైంది. మూత లేని డ్రమ్ము అక్కడనే ఉండిపోయింది. నేను తిరిగి వచ్చేసరికి ఇంటి యజమాని మనుమరాలు, ఏడేండ్ల పిల్ల, జ్వరంతో దవాఖానలో ఉన్నది. డెంగీ అన్నారు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయినవి. అయిదు దినాలు ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. దేవుని దయవల్ల పిల్ల కోలుకొని ఇంటికి వచ్చింది.

ఆ మరునాడు డ్రమ్ములోకి తొంగిచూస్తే నీటి నిండా తోకపురుగులు కిందికీ మీదికీ ఆడుతున్నవి. జంతుశాస్త్రం ప్రాక్టికల్ లో దోమ జీవితచక్రం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురికి మోరీలో కాక, డ్రమ్ములు, టైర్లు, కొబ్బరి చిప్పల వంటివాటిలోని తేట నీటిలోనే గుడ్లు పెడుతుందని నాకు తెలుసు. మన ఎండలలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలునని తెలుసు. గుడ్లు ఎండిపోయి కూడ నెలల తరబడి బ్రతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయని తెలుసు. అన్నీ తెలిసి డ్రమ్ము అట్లా వదిలి పోయినాను. ఆ పిల్లను కుట్టిన దోమ ఆ డ్రమ్ములోదే అనడానికి రుజువు లేదు. కాదనడానికీ రుజువు లేదు. 

ఇంటి యజమాని భూగర్భ గనిలో సర్దారుగా పనిచేసి దిగిపోయినవాడు. నేను మామా అని పిలుస్తాను. ఆయన దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. ఇల్లు ఖాళీ చేయమంటాడనుకున్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఇట్లన్నాడు.

"నువ్వు మంచికే పెట్టినవ్ బిడ్డా, కాదంటలేను. బాయిల షిఫ్టు అయిపోయిన సర్దారు ఏం జేస్తడో ఎరుకేనా? పైకప్పు ఎట్లున్నది, గాలి ఎట్లున్నది, యాడ సప్పుడైతున్నది, అంత బుక్కుల రాస్తడు. వచ్చే సర్దారుకు అప్పజెప్తడు. అప్పుడే పైకెక్కుతడు. అప్పజెప్పకుంట పోతే ఎనుకొచ్చినోని పాణం మీదికొస్తది. నువ్వు పని చేసినవ్ గని అప్పజెప్పలే."

నాలుగు నెలలు నేను తల బద్దలుకొట్టుకున్న ప్రశ్నకు జవాబు ఇదే. ఉమ్మడి జాగా చెడిపోయేది చెడ్డవారి వల్ల మాత్రమే కాదు. మంచివాడు ఒక్కడే చేసి, అలిసిపోయి, ఎవరికీ అప్పగించకుండా వెళ్లిపోవడం వల్ల కూడ చెడుతుంది. కాలనీలో ఎవరు చేసినా చేయకపోయినా పర్వాలేదనుకునేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఏడిస్ దోమ సాధారణంగా పుట్టినచోటు నుండి కొన్ని వందల మీటర్లకు మించి పోదు. కాని అంతలోపల ఉన్న గోడలను, గేట్లను, రిజిస్ట్రేషన్ కాగితాలను అది లెక్కచేయదు. కాలువ చివరి రైతుకు నీళ్ల భయం ఎట్లాంటిదో మనకు ఈ భయం అట్లాంటిది.

మట్టి, నీరు, చెట్టు

ఇక పని సంగతి. ఉత్సాహం ఉన్న కాలనీలు కూడ మూడు చోట్ల తప్పు చేస్తున్నవి.

మొదటిది మట్టి. లేఅవుటు చేసేటప్పుడు మొరం పోసి రోలరు తిప్పుతారు. అందులో గునపం దిగదు, వేరెట్లా దిగుతుంది? చారెడు గుంత తీసి మొక్క పెడితే అది కుండీలో పెట్టినట్టే. అందుచేత ఎండాకాలంలోనే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంతలు తీసి ఎండబెట్టాలి. పైమట్టికి చెరువు పూడిక మట్టి, బాగా చివికిన పెంట ఎరువు కలిపి నింపాలి. పచ్చి పెంట వేస్తే వేడికి వేర్లు మాడుతాయి, చెదలు పడుతాయి. ఇది మా బాపు చెప్పిన మాట, పాఠ్యపుస్తకం కూడ కాదనదు.

రెండవది నీరు. పార్కు అనగానే అందరికీ సినిమాలో చూసిన పచ్చిక తివాచీ కావాలి. లెక్క వేసి చూద్దాం. 600 గజాలంటే సుమారు 500 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 1 మిల్లీమీటరు నీరంటే 1 లీటరు. ఎండాకాలంలో పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలన్నా 2500 లీటర్లు కావాలి. అదే ఇరవై చెట్లకు అయిదు రోజులకొకసారి చెట్టుకు 40 లీటర్ల చొప్పున పోస్తే 800 లీటర్లు, అనగా రోజుకు 160 లీటర్లే. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన రామగుండంలో తాగే నీటిని పచ్చికకు పోయడం న్యాయం కాదు. నేల మీద మన గరికనే ఉండనిచ్చి నెలకోసారి కోస్తే చాలు. ఎండితే ఎండుతుంది, వాన పడగానే లేస్తుంది.

మొక్కకు రోజూ చెంబెడు పోయడం కన్న నాలుగైదు రోజులకొకసారి కడుపునిండా పోయడం మేలు. పైపైన తడిపితే వేరు పైననే ఉండిపోతుంది. పాదులో ఎండుటాకులు పరిస్తే తడి త్వరగా ఆరదు. మన దగ్గర సాలుకు సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ లెక్కన మా 600 గజాల మీద పడేది అయిదు లక్షల లీటర్లు. అందులో పావువంతు ఇంకినా లక్షా పాతికవేల లీటర్లు భూమిలోకి పోయినట్టే. పల్లపు మూలన ఒక ఇంకుడు గుంత తీసి గులకరాళ్లు, కంకర, ఇసుక నింపితే కట్టగా మిగిలిన కంకరకు కూడ మోక్షం కలుగుతుంది. నీరు పైన నిలువకుండా, ఒకటి రెండు రోజులలో ఇంకిపోయేట్టు చూసుకోవాలి. లేకపోతే మళ్లీ దోమల కథే.

మూడవది చెట్టు ఎంపిక. తొందరగా పెరుగుతుందని, మేక ముట్టదని కోనోకార్పస్ నాటినవారు చాలామంది. దాని పుప్పొడి వల్ల, వేళ్ల వల్ల ఇబ్బందులున్నాయని చెప్పి గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఎర్రగా పూసే తురాయి కంటికి ఇంపు గాని గాలిదుమారానికి కొమ్మ విరుగుతుంది. రావి, మర్రి పవిత్రమైనవే, కాని ప్రహరీగోడ పక్కన నాటితే గోడను చీల్చుతాయి. మన ఎండకు తగినవి వేప, కానుగ, నేరేడు. కానుగ చిక్కుడు కుటుంబపు చెట్టు, వేరు బుడిపెలలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకోగలదు. పలుచని నేలలో కూడ బ్రతుకుతుంది. ఎండలు ముదిరేనాటికి కొత్త చిగురుతో నీడనిస్తుంది. మనవంటి బొగ్గు ఊర్లలో ఆకు మీద దుమ్ము పేరుకొని పత్రరంధ్రాలు మూసుకుపోతాయి, వెలుతురూ సరిగా అందదు. అందుకని ఎండాకాలంలో అప్పుడప్పుడు సాయంత్రం పూట చిన్న మొక్కల ఆకులను నీటితో కడగడం మంచిది. కరెంటు తీగల క్రింద జామ, మందార, నందివర్ధనం వంటి పొట్టి జాతులే నాటాలి. లేకపోతే లైన్‌మెన్ ప్రతి సంవత్సరం తల నరికిపోతాడు. అతన్ని తిట్టి లాభం లేదు.

వయ్యారిభామ, ఎండుటాకు

వయ్యారిభామ, లేక కాంగ్రెసు గడ్డి, మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండానికి చెందిన ఈ మొక్కను 1955 ప్రాంతంలో పూనాలో గుర్తించినారు. దిగుమతి ధాన్యంతో వచ్చిందని అంటారు. ఒక్క మొక్క వేల విత్తనాలు రాల్చుతుంది. ముట్టుకుంటే కొందరికి చర్మం దద్దుర్లు, పీలిస్తే ఆయాసం. దీన్ని తిని పెరిగే ఒక పెంకుపురుగును మెక్సికో నుండి తెచ్చి 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలినారు. అది వానాకాలంలో కొంత మేలు చేస్తుంది. కాని దాన్నే నమ్ముకొని కూర్చుంటే కాదు. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకొని వేరుతో పీకాలి. పూసిన తరువాత పీకి కుప్ప వేస్తే మనమే విత్తనం చల్లినట్టు. ఉప్పునీళ్లు చల్లే పద్ధతి ఒకటి కలదు గాని చెట్లున్న జాగాలో అది వద్దు, మట్టి చెడుతుంది. అన్నిటికన్న ముఖ్యం, పీకిన జాగాను ఖాళీగా విడువరాదు. తంగేడు, వెంపలి, గునుగు వంటివి వేయాలి. ఖాళీ జాగాలోకి కలుపు వస్తుంది గాని నిండిన జాగాలోకి అంత సులువుగా రాదు.

రాలిన ఆకులను ఊడ్చి నిప్పు పెట్టడం మన దగ్గర మామూలు. దానివల్ల పొగ మన ముక్కులోకి, ఎరువు గాలిలోకి పోతున్నవి. మూడడుగుల లోతు గుంత తీసి ఒక పొర ఎండుటాకు, ఒక పలుచని పొర పేడ లేక పచ్చగడ్డి వేస్తూ తడిపితే మూడు నాలుగు నెలలలో నల్లని ఎరువు అవుతుంది. ఎండుటాకులో కర్బనం ఎక్కువ, పేడలో నత్రజని ఎక్కువ. ఈ రెండూ సుమారు ముప్పైకి ఒకటి పాళ్లలో కుదిరితే సూక్ష్మజీవులు చురుకుగా పనిచేస్తాయి. పప్పులో ఉప్పు కుదిరినట్టే ఇదీను.

మస్టర్ బోర్డు

పై సంగతులు తెలిసినంతమాత్రాన జాగా బాగుపడదని నా డ్రమ్మే సాక్ష్యం. అందుకని మామ, మరి నలుగురు పెద్దలు కూర్చొని ఒక పద్ధతి ఏర్పాటు చేసినారు. నలభై ఎనిమిది ఇండ్లను ఆరు జట్లు చేసినారు, జట్టుకు ఎనిమిది ఇండ్లు. ఒక్కొక్క జట్టుకు ఒక వారం. వేప చెట్టుకు ఒక పలక కట్టి ఈ వారం ఎవరి జట్టో సుద్దతో రాస్తారు. దానికి మస్టర్ బోర్డు అని పేరు పెట్టింది మామనే. బాయిలో మస్టర్ పడకపోతే కూలి లేదు గనుక ఆ మాట వినగానే పెద్దమనుషులందరూ నవ్వి ఒప్పుకున్నారు.

ఆదివారం పొద్దున జట్టు మారుతుంది. దిగిపోయే జట్టు, వచ్చే జట్టు రెండూ వచ్చి జాగా అంతా ఒకసారి తిరగాలి. నోట్‌బుక్కులో నాలుగు వరుసలు రాయాలి. ఏ మొక్కకు నీరు కావాలి, ఎక్కడ కలుపు వచ్చింది, ఎక్కడ నీరు నిలిచింది, ఏ పని సగంలో ఉన్నది. ఇద్దరూ సంతకం చేయాలి. పావుగంట పని. శుక్రవారం నాడు డ్రమ్ములు, గోలేలు, కూలరు తొట్లు వంచి ఆరబెట్టాలి, పిల్లలు ఇంటింటికీ పోయి గుర్తుచేస్తారు. ఇంటికి నెలకు 50 రూపాయలు, అనగా 2400. గడ్డి కోసే మనిషి కూలికి, ఎరువుకు, పైపులకు అది సరిపోతున్నది. జమాఖర్చు అదే పలక మీద ప్రతి నెల రాస్తారు. లెక్క కనపడినచోట గొణుగుడు తక్కువ.

అంతా సవ్యంగా నడుస్తున్నదని చెబితే అబద్ధమవుతుంది. రెండు జట్లు ఇప్పటికీ పిలిస్తే గాని రావు. ఒకాయన తన కారు నీడ కోసం జాగా అంచున రేకులు వేసినాడు, దాని మీద మాటామాటా పెరిగి రెండు నెలలు పలకరింపులు లేవు. చివరకు హద్దు కొలిచి రాళ్లు పాతిన తరువాత ఆయనే రేకులు తీసినాడు. హద్దు ముందే పాతి ఉంటే ఆ రెండు నెలల పగ ఉండేది కాదని నా అభిప్రాయం. అద్దెకున్నవారు పనికి రావాలా, పైకం ఇవ్వాలా అన్న తగవు ఇంకా తేలలేదు. నేను అద్దెవాణ్ణే, రెండూ చేస్తున్నాను. నాకు ఒక బాకీ ఉన్నది గనుక.

నాటిన ఇరవై కానుగలలో పద్నాలుగు బ్రతికినవి. వాటి కంటే ఎక్కువ సంతోషం కలిగించింది మరొకటి. కిందటి ఏడు వయ్యారిభామ పీకిన మూలలో మేము గునుగు విత్తనం చల్లినాము. పెత్రమాసనాటికి అది తెల్లగా పూసింది. ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మకు పువ్వు అక్కడనే కోసి, అక్కడనే పేర్చి, అక్కడనే ఆడినారు. అంతకుముందు ఆ తొమ్మిది రోజుల కోసం జాగా సాపు చేయించి, పండుగ కాగానే మరిచిపోయేవారట. మామ మనుమరాలు చిన్న బతుకమ్మను ఎత్తుకొని వచ్చింది. ఆ పిల్లను చూసినప్పుడల్లా నాకు డ్రమ్ము యాదికి వస్తుంది. రావాలె కూడ.

మిత్రులారా! మనలో చాలామందిమి గదులు అద్దెకు తీసుకొని చదువుకుంటున్నవాళ్లం. మూడేండ్లుండి వెళ్లిపోయేవాళ్లం. మన కళాశాల ఆవరణలో కూడ ప్రతి సంవత్సరం మొక్కలు నాటుతాం, ఫోటో తీసుకుంటాం, సెలవులకు వెళ్లిపోతాం. వేసవిలో ఆ మొక్కకు నీరు పోసేది ఎవరు? ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి పరీక్షలు దగ్గరపడి ఉంటాయి. చివరి సంవత్సరం మిత్రులకు నా మనవి ఒక్కటే. మీరు నాటిన మొక్క దగ్గరికి ఒక జూనియర్ ను తీసుకుపోండి. దీనికి ఎన్ని రోజులకు ఎంత నీరు కావాలో చెప్పండి. ఒక పుస్తకంలో రాసి సంతకం చేయించుకోండి. అప్పజెప్పి పోండి.